నలుగురున్నా 28వ రౌండ్‌లోనే ఎందుకు పోతున్నారు? బ్లూన్స్ టీడీ 6 కోఆప్‌లో కొత్తవాళ్ల తికమక

బ్లూన్స్ టీడీ 6 అనే టవర్ డిఫెన్స్ గేమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి వచ్చే డౌట్ ఇది. సోలోలో ఈజీ మోడ్ 40 రౌండ్లు హాయిగా లాగేస్తారు, అదే ధైర్యంతో ఫ్రెండ్స్‌ని పిలిచి కోఆప్‌లోకి, అంటే అందరూ కలిసి ఒకే ఆట ఆడే మోడ్‌లోకి వెళ్తే సగంలోనే ఆట అయిపోతుంది. ఒక్కడు చేసే పని నలుగురు చేస్తుంటే ఇంకా తేలికవ్వాలి కదా, ఇదేంటి రివర్స్‌లో ఉంది అని. ఇంకోపక్క ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లకి వేరే గొడవ, కొత్తవాళ్లని పక్కన పెట్టుకుని గెలిపించాలా లేక ఓడిపోనిచ్చి నేర్పించాలా అని. ఈ రెండు గొడవలకీ మూలం దాదాపు ఒకటే, కానీ అది అర్థం కావాలంటే ముందు గేమ్ లోపలి లెక్కలు కొన్ని చూడాలి.

ముందు బేసిక్స్

టవర్ డిఫెన్స్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యాప్ మీద ఒక దారి ఉంటుంది, ఒక చివర్నుంచి శత్రువులు వరసగా వస్తుంటారు, అవతలి చివరికి చేరకుండా మనం దారి పక్కన టవర్లు పెట్టి ఆపాలి. బ్లూన్స్‌లో శత్రువులు బెలూన్లు (గేమ్‌లో వాటినే బ్లూన్లు అంటారు), టవర్లు కోతులు. న్యూజిలాండ్ కంపెనీ నింజా కివి దీన్ని 2018లో రిలీజ్ చేసింది, కోఆప్ 2019లో అప్‌డేట్‌గా వచ్చింది. ఒక గేమ్‌లో గరిష్టంగా నలుగురు ఆడొచ్చు.

ప్రతి కోతికీ మూడు అప్‌గ్రేడ్ దారులు ఉంటాయి, ఒక్కో దారిలో 5 మెట్లు. అయితే అన్నీ కొనెయ్యడానికి లేదు. ఒక దారిలో 5 దాకా వెళ్లొచ్చు, రెండో దారిలో 2 దాకానే, మూడోది మూసుకుపోతుంది. అందుకే ప్లేయర్లు 2-0-4, 0-2-0 అంటూ ఫోన్ నంబర్లలా మాట్లాడుకుంటుంటారు. మూడు అంకెలు అంటే పై దారి, మధ్య దారి, కింది దారి, అంతే. కొత్తవాళ్లు ఈ నంబర్లు విని ఏదో పెద్ద లెక్క అనుకుని జడుసుకుంటారు గానీ అందులో అంతకన్నా ఏం లేదు.

బెలూన్ లోపల బెలూన్

లైఫ్‌లు ఎలా పోతాయో చాలామందికి సరిగ్గా తెలియదు. ఒక బెలూన్ లీకైతే ఒక లైఫ్ పోతుంది అనుకుంటారు. కాదు. దాని లోపల ఇంకా ఎన్ని పగలాల్సినవి ఉన్నాయో అన్ని లైఫ్‌లు పోతాయి.

ఎరుపుది 1. నీలం పగిలితే లోపల ఎరుపు ఉంటుంది కాబట్టి 2. ఆకుపచ్చ 3, పసుపు 4, పింక్ 5. ఇక్కడిదాకా నెమ్మదిగా పెరుగుతుంది, ఇక్కణ్ణుంచి ఒక్కసారిగా ఎగురుతుంది. నల్లదాంట్లో రెండు పింక్‌లు ఉంటాయి, అంటే 1 ప్లస్ 10, మొత్తం 11. లెడ్‌లో, అంటే సీసం బెలూన్‌లో, రెండు నల్లవి ఉంటాయి, 1 ప్లస్ 22, మొత్తం 23. సిరామిక్‌కి వచ్చేసరికి 104. 40వ రౌండ్‌లో మొదటిసారి కనపడే మోయాబ్ అనే పెద్ద విమానం లాంటిది ఒక్కటే 616. ఈజీలో ఇచ్చే లైఫ్‌లే 200, మీడియంలో 150, హార్డ్‌లో 100. అంటే మోయాబ్ చెక్కుచెదరకుండా దాటిందంటే ఏ మోడ్‌లో అయినా కథ కంచికే.

దీనికి తోడు కొన్నిటికి కొన్ని దెబ్బలు తగలవు. లెడ్‌కి బాణాలు, మేకుల్లాంటి పదునైనవేవీ ఎక్కవు. నల్లదానికి బాంబు ఎక్కదు. తెల్లదాన్ని గడ్డకట్టించలేం. పర్పుల్ మీద మంట, మ్యాజిక్ లాంటివి పనిచెయ్యవు. కామో అని ఇంకో రకం, అది బెలూన్ రంగు కాదు, ఒక ముసుగు, ఏ రంగుదానికైనా ఉండొచ్చు. కామోని చూడగలిగే టవర్ లేకపోతే అది మన కోతుల ముందునుంచే దర్జాగా వెళ్లిపోతుంది, ఒక్క బాణం కూడా పడదు.

28వ రౌండ్ కథ

నలుగురు కొత్తవాళ్లు మీడియంలో ఆడుతున్నారనుకుందాం. ఒకరు డార్ట్ మంకీలు వరసగా పెట్టారు, ఎందుకంటే 200కే వస్తాయి. ఇంకొకరికి నింజా అంటే ఇష్టం, నింజాలు పెట్టారు. మూడో మనిషి టాక్ షూటర్, చుట్టూ మేకులు విసురుతుంది, దారి మలుపులో భలే పనిచేస్తుంది. నాలుగో మనిషి మళ్లీ డార్ట్ మంకీలే. 27 రౌండ్ల దాకా ఒక్క లైఫ్ పోలేదు, అందరూ నవ్వు మొహం ఎమోట్లు పంపుకుంటున్నారు.

28వ రౌండ్‌లో 6 లెడ్‌లు వస్తాయి. అవే, ఇంకేం రావు. బాణాలు, నింజా చక్రాలు, మేకులు అన్నీ పదునైనవే కాబట్టి ఒక్కటి కూడా పగలదు. ఆరు ఇరవైమూడ్లు 138. 150లో 12 మిగిలాయి, ఇంకొక్క లెడ్ దాటినా ఆట ముగిసినట్టే. హార్డ్‌లో అయితే ఐదో లెడ్ దాటేసరికే గేమ్ ఓవర్. ఇక్కడ ఎవరూ తప్పుగా ఆడలేదు, ఎవరి టవర్లు వాళ్లవి బాగానే ఉన్నాయి, నలుగురూ కలిసి మ్యాప్ నిండా కోతుల్ని నింపారు కూడా. కానీ తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుకి అందరూ పులిహోరే తెచ్చి పెరుగన్నం ఎవరో తెస్తార్లే అనుకున్నట్టయ్యింది.

సోలోలో ఇలా ఎందుకు జరగదంటే అక్కడ బాధ్యత మొత్తం ఒక్కరిదే. మొదటిసారి లెడ్ చేతిలో ఓడిపోయాక రెండోసారి బాంబ్ షూటర్ దానంతటదే చేతికొస్తుంది. కోఆప్‌లో మాత్రం ఓడిపోయినా ఎవరికి ఏం అర్థమవ్వాలో తెలీదు, లెడ్ వల్ల పోయాం అని నలుగురికీ తెలిసినా తర్వాతి ఆటలో నలుగురూ బాంబ్ షూటర్ పెట్టొచ్చు, లేదా నలుగురూ మళ్లీ పక్కవాళ్లు పెడతారనుకోవచ్చు. నలుగురూ బాంబులే పెడితే ఇంకో సమస్య, లెడ్ లోపల ఉండేవి నల్లవి, వాటికి బాంబు ఎక్కదు.

గేమ్ మాత్రం కొంచెం దయగానే హెచ్చరిస్తుంది. 24వ రౌండ్‌లో మొదటి కామో వస్తుంది, అది ఒక ఆకుపచ్చ, లీకైనా పోయేది 3 లైఫ్‌లే. 25లో మొదటి పర్పుల్‌లు. 33లో కామోలు గుంపుగా వస్తాయి. అంటే 24లో మూడు లైఫ్‌లు పోతే అది చిన్న నష్టం అని వదిలేసిన టీమ్‌కి 33లో బిల్లు వస్తుంది. పక్కన తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే నిజంగా ఉపయోగపడే చోటు ఇదే. 24వ రౌండ్‌లో ఆ మూడు ఎందుకు పోయాయి అని అప్పుడే అడిగితే చాలు, కొత్తవాళ్లు డార్ట్ మంకీ అప్‌గ్రేడ్లు తెరిచి చూస్తారు, కింది దారిలో రెండో మెట్టుకే కామో కనపడుతుందని వాళ్లే కనిపెడతారు, లేదా నింజా పెట్టొచ్చు కదా అని గుర్తొస్తుంది, నింజాకి పుట్టుకతోనే కామో కనపడుతుంది.

డబ్బు పంచుకోవడం అనే చిక్కు

సోలోకి, కోఆప్‌కి అసలు తేడా డబ్బులో ఉంది. బెలూన్లు పగిలితే వచ్చే డబ్బు అందరికీ సమానంగా పంచుతారు, ఎవరి కోతి పగలగొట్టింది అనేదాంతో సంబంధం లేదు. నలుగురు వచ్చారని బెలూన్ల డబ్బు నాలుగింతలు అవ్వదు. ఉన్న రొక్కమే నాలుగు జేబుల్లోకి వెళ్తుంది. చాలామంది మిస్సయ్యే పాయింట్ ఇదే.

లెక్కకోసం ఒక రౌండ్‌లో మొత్తం 800 వచ్చిందనుకోండి. సోలోలో మూడు నాలుగు రౌండ్లు ఆగితే మీడియంలో 2500 అయ్యే సూపర్ మంకీ కొనేయొచ్చు. నలుగురిలో ఒక్కొక్కరికి 200 వస్తుంది, అదే సూపర్ మంకీ కోసం ఒక్కరే దాచుకుంటే పదమూడు రౌండ్లు పడుతుంది. ఈలోపు వాళ్ల పక్కనుంచి బెలూన్లు పోతుంటే మిగతా ముగ్గురూ వీళ్లేం చెయ్యట్లేదేంటని తిట్టుకుంటుంటారు. అందుకే కోఆప్‌లో సహజంగా ఏమవుతుందంటే అందరూ వచ్చిన 200 వచ్చినట్టు ఒక చౌక కోతి కొనేస్తారు, మ్యాప్ నిండుతుంది గానీ బలం రాదు.

దీనికి గేమ్‌లోనే ఒక మార్గం ఉంది, ఒకరు ఇంకొకరికి డబ్బు పంపొచ్చు. ఇక్కడే అనుభవం ఉన్నవాళ్లలో రెండు వర్గాలు. మొదటి వర్గం అనేది, డబ్బంతా బాగా ఆడేవాళ్ల దగ్గర చేరాలి, వాళ్లే ముందు బనానా ఫార్మ్‌లు పెట్టి ఆదాయం పెంచి తర్వాత పంచుతారు అని. ఇందులో నిజం ఉంది. 50వ రౌండ్ దాటాక ఒక్కో పాప్‌కి, అంటే బెలూన్ పగిలిన ప్రతిసారీ వచ్చే డబ్బు సగానికి పడిపోతుంది, 60 దాటాక ఐదో వంతుకి, 85 దాటాక పదో వంతుకి. అరటితోట లేని టీమ్ ఆ దశలో కష్టపడుతుంది. రెండో వర్గం అనేది, కొత్తవాళ్ల డబ్బు కూడా లాగేసుకుంటే వాళ్లు 60 రౌండ్లపాటు ప్రేక్షకులుగా కూర్చుంటారు, గెలిచినా వాళ్లకి తెలిసింది డబ్బు పంపే బటన్ ఎక్కడుందో మాత్రమే అని. ఇదీ నిజమే. పైగా ఈ గేమ్‌లో కోతుల అప్‌గ్రేడ్లు ఊరికే తెరుచుకోవు, ఆ కోతిని పెట్టి వాడితే వచ్చే ఎక్స్‌పీతో (అనుభవ పాయింట్లతో) తెరుచుకుంటాయి. ఏదీ పెట్టకుండా గెలిచినవాళ్లు తర్వాతి ఆటకి కూడా అవే తెరుచుకోని అప్‌గ్రేడ్లతో వస్తారు.

నాకైతే ఇందులో మోడ్‌ని బట్టి సమాధానం మారుతుందనిపిస్తుంది. ఈజీలో 40 రౌండ్లే కాబట్టి ఫార్మ్ గొడవే అవసరం లేదు, ఎవరి డబ్బు వాళ్లు ఖర్చుపెట్టుకుని తప్పులు చేసుకోవచ్చు, నచ్చకపోతే అమ్మేస్తే 70 శాతం వెనక్కొస్తుంది, ఈజీలో 170 పెట్టిన డార్ట్ మంకీకి 119 వస్తుంది. ప్రయోగానికి అయ్యే ఫీజు 51, అంతే. హార్డ్‌లో 80 దాకా లాగాలంటే మాత్రం ఎవరో ఒకరు ఫార్మ్ చూసుకోవడం బాగా పనికొస్తుంది. చింప్స్ మోడ్ సంగతి వేరు, అక్కడ ఒకటే లైఫ్, ఫార్మ్ ఆదాయం లేదు, అమ్ముకోవడం కూడా లేదు, 100వ రౌండ్ దాకా వెళ్లాలి. అలాంటిచోటికి కొత్తవాళ్లని తీసుకెళ్లి నేర్పిస్తా అనేవాళ్లకి ఓ దండం.

ఒకరి టవర్ ఇంకొకరికి సాయం, లేదా అడ్డం

కోఆప్‌లో చాలా మ్యాపులు ప్లేయర్ల మధ్య ముక్కలుగా పంచి ఉంటాయి, మీ భాగంలోనే మీరు కోతుల్ని పెట్టాలి. ఒకరికి దారి మొదలు దక్కుతుంది, ఇంకొకరికి చివర, ఒకరికి నీళ్లున్న చోటు, ఇంకొకరికి మంచి మలుపు. కొత్తవాళ్లకి ఇది అన్యాయంగా కనిపిస్తుంది, నా దగ్గరికి బెలూన్లే రావట్లేదు, అన్నీ ముందే పగిలిపోతున్నాయి, నేనేం చెయ్యాలి అని. కానీ చివర్లో ఉన్నవాళ్లే టీమ్‌కి ఆఖరి గోడ. స్పైక్ ఫ్యాక్టరీ లాంటిది అక్కడే పెడతారు, దారిమీద ముళ్లు పోగుపడుతూ ఉంటాయి, ముందువాళ్లు వదిలేసినవి అక్కడ పగులుతాయి.

టవర్లు ఒకదానిమీద ఒకటి ఎలా పనిచేస్తాయన్నది ఇంకా పెద్ద సబ్జెక్ట్. మంకీ విలేజ్ 0-2-0 చేస్తే దాని పరిధిలో ఉన్న కోతులన్నిటికీ కామో కనపడుతుంది, పక్కవాళ్ల కోతులకి కూడా. ఆల్కెమిస్ట్ 2-0-0 చేస్తే పక్కనున్న కోతులమీద యాసిడ్ చల్లుతుంది, దాంతో మామూలు బాణాలు కూడా లెడ్‌ని పగలగొడతాయి. పైన చెప్పిన 28వ రౌండ్ టీమ్‌కి ఒక్క ఆల్కెమిస్ట్ దొరికుంటే నలుగురూ ఏం మార్చక్కర్లేకుండా బయటపడేవాళ్లు.

అదే సమయంలో తెలియకుండా అడ్డుపడటం కూడా ఉంది. ఐస్ మంకీ దీనికి క్లాసిక్. చూడ్డానికి భలే సాయంలా ఉంటుంది, బెలూన్లని గడ్డకట్టించి ఆపేస్తుంది. అయితే గడ్డకట్టిన బెలూన్‌కి పదునైన దెబ్బ తగలదు. అంటే టీమ్ మొత్తం డార్ట్‌లు, టాక్‌ల మీద నడుస్తుంటే మధ్యలో ఒక కొత్త ప్లేయర్ మంచి మనసుతో పెట్టిన ఐస్ మంకీ అందరి బాణాల్నీ కాసేపు పనికిరాకుండా చేస్తుంది. సోలో ఆడేటప్పుడు ఇది వెంటనే కళ్లకి కడుతుంది, కోఆప్‌లో ఎవరి కోతి ఎందుకు కొట్టట్లేదో తేలేలోపు రౌండ్ అయిపోతుంది. గాలితో బెలూన్లని వెనక్కి నెట్టే అప్‌గ్రేడ్లు కూడా అలాంటివే, ఒక్కోసారి ప్రాణం కాపాడతాయి, ఒక్కోసారి బాంబు పడే చోటు నుంచి గుంపుని చెదరగొట్టేస్తాయి.

క్యారీ చెయ్యాలా, వదిలెయ్యాలా

క్యారీ అంటే బాగా వచ్చినవాళ్లే మొత్తం మోసి గెలిపించడం. దీన్ని తిట్టేవాళ్లు ఎక్కువ గానీ దానికీ ఒక ఉపయోగం ఉంది. గేమ్ 60వ రౌండ్‌లో ఎలా ఉంటుందో, సిరామిక్‌లు గుంపుగా వస్తే స్క్రీన్ ఎలా నిండిపోతుందో ఎప్పుడూ చూడనివాళ్లకి దేనికోసం సిద్ధపడాలో కూడా తెలీదు. ఒకసారి చూడటం వేరు. ప్రతిసారీ అదే జరిగితే మాత్రం వాళ్లు చూసేది ఫలితాన్నే, నిర్ణయాల్ని కాదు, ఎందుకంటే తెలిసినవాళ్లు 38వ రౌండ్ సిరామిక్ కోసం 35లోనే అప్‌గ్రేడ్ కొనేసి ఉంటారు, పక్కనున్న మనిషికి ఆ ప్రమాదం ఉందన్న సంగతే తెలియకుండా అది దాటిపోతుంది.

దానికి పూర్తి వ్యతిరేకం, ఏం చెప్పకుండా వదిలేసి ఓడిపోనివ్వడం. కొంతమందికి ఇలాగే బాగా ఎక్కుతుంది, తలకి దెబ్బ తగిలితే గుర్తుంటుంది కదా. కాకపోతే సోలోలో అది వాళ్ల ఓటమి, కోఆప్‌లో లైఫ్‌లు అందరివీ కలిపే కాబట్టి నలుగురి ఓటమి. తెలియనివాళ్ల మధ్య అయితే అది తొందరగా తిట్లకి దారి తీస్తుంది, కొత్తవాళ్లు ఇంక కోఆప్ జోలికే రారు.

మూడో పద్ధతి వీడియోలో చూసిన బిల్డ్ అక్షరం పొల్లుపోకుండా పెట్టించడం, ఇక్కడ డార్ట్, అక్కడ నింజా, ఫలానా రౌండ్‌లో ఫలానా అప్‌గ్రేడ్ అంటూ. గెలుస్తారు, డౌట్ లేదు. ఇబ్బంది ఏంటంటే నింజా కివి తరచూ అప్‌డేట్లలో ధరలు, బలాలు మారుస్తుంటుంది, పాత వీడియో పనిచెయ్యకపోవచ్చు, ఎందుకు పనిచెయ్యలేదో బిల్డ్ మాత్రమే తెలిసినవాళ్లకి అంతు చిక్కదు.

మధ్యేమార్గంగా ఎక్కువమంది చేసేది ఒక్కో పని అప్పగించడం. నువ్వు కామో చూసుకో, నేను లెడ్ చూసుకుంటా అని. కొత్త ప్లేయర్‌కి తల తిప్పే వంద అప్‌గ్రేడ్ల మధ్య వెతకాల్సింది ఒక్కటే అవుతుంది, ఓడితే ఎక్కడ ఓడారో కూడా వెంటనే తెలుస్తుంది. ఏ కోతి పెట్టాలి అన్నది మాత్రం చెప్పకుండా వదిలేస్తేనే ఇది నేర్పడం అవుతుంది, లేదంటే అదీ బిల్డ్ చదివి వినిపించడమే. మ్యాప్ కూడా ముఖ్యం, లాగ్స్ లాంటి పొడుగు దారి ఉన్న బిగినర్ మ్యాప్ అయితే తప్పు దిద్దుకునే టైమ్ ఉంటుంది, నాలుగు దార్లున్న మడ్డీ పడిల్స్‌కి తీసుకెళ్తే ఆ టైమ్ ఉండదు.

ఇవన్నీ చెప్పుకోవాలంటే మాట్లాడుకోవాలి, గేమ్‌లో టెక్స్ట్ చాట్ లేదు, ఎమోట్లు మాత్రమే ఉన్నాయి. అందుకే తెలిసినవాళ్లతో ప్రైవేట్ లాబీ పెట్టుకుని కోడ్ పంపి పక్కన వాట్సాప్ కాల్ పెట్టుకోవడమే నయం. అమెరికాలో ఉన్న మేనల్లుడితో హైదరాబాద్ నుంచి ఆడే మామయ్యలకి అది ఎలాగూ అలవాటే, వాడికి రాత్రి అయితే మనకి పొద్దున, కాకపోతే నేర్పేది మామయ్య కాదు, మేనల్లుడే.

పనులు పంచుకోవడం కూడా సరిపోని చోటు

పని అప్పగించే పద్ధతి 58 రౌండ్ల దాకా బాగానే నడుస్తుంది. 59లో కామో లెడ్‌లు వస్తాయి, మీడియం మోడ్ అయిపోవడానికి ఒక్క రౌండ్ ముందు. ఒకరి నింజాలకి కామో కనపడుతుంది, కానీ లెడ్ పగలదు. ఇంకొకరి బాంబులకి లెడ్ పగులుతుంది, కానీ కామో కనపడదు. ఇద్దరూ వాళ్ల పని పక్కాగా చేశారు, అయినా బెలూన్లు ఇద్దరినీ దాటి వెళ్లిపోతాయి, ఎందుకంటే చూడటం, పగలగొట్టడం రెండూ ఒకే కోతికి రావాలి.

100 రౌండ్ల మోడ్‌లకి వెళ్తే ఇది ఇంకా ముదురుతుంది. 90వ రౌండ్‌లో మొదలయ్యే డీడీటీలు అనే మోయాబ్ తరహా బెలూన్లు కామో, లెడ్, నలుపు మూడూ కలిసినవి, పైగా చాలా స్పీడు. పదునైనవి ఎక్కవు, బాంబులు ఎక్కవు, కామో చూసే కన్ను లేకపోతే అసలు కనపడవు. ఇక్కడ ఎక్కువమంది వాడేది 0-3-0 విలేజ్, దాని పరిధిలో ఉన్న కోతులకి కామో కనపడుతుంది, ఏ రకం బెలూన్‌నైనా పగలగొట్టగలుగుతాయి. కానీ ఆ పరిధి చిన్నది. మ్యాప్ ముక్కలుగా ఉన్నప్పుడు అది ఒకరి భాగంలోనే ఉంటుంది, కాబట్టి 59 వచ్చేలోపే విలేజ్‌ని ఎవరి గట్టు దగ్గర పెట్టాలో, మిగతావాళ్లు తమ పెద్ద కోతుల్ని ఆ గట్టువైపు ఎంత జరపాలో మాట్లాడుకోవాలి. అప్పటికే ఎవరికివాళ్లు తమ భాగం నడిమధ్యలో కోతుల్ని పాతేసుంటే అమ్మి మళ్లీ కొనాల్సిందే, ఆ 30 శాతం నష్టంతో, చింప్స్‌లో అయితే అదీ కుదరదు.